గోగునార గది

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. సాలూరులో ఏటి ఒడ్డున ఉన్న ఒక గొడౌన్లో గుమస్తాని. వరసగా పదకొండు గదులు. వ్యాపారులు సరుకులూ, బదిలీ అయిన ఉద్యోగులు మంచాలూ బీరువాలూ దాచుకునేవారు. ఆ ఏడు వరద గదుల్లో నడుం లోతున రెండు రోజులు నిలిచి, బురద వదిలి వెళ్ళింది.

చివరి గది నిండా తాళ్ళతో బిగించి కట్టిన గోగునార బేళ్ళు. బురద తోడడానికి నేనూ, కూలికి వచ్చిన ఒక పెద్దావిడా లోపలికి వెళ్ళాం. ఆమెను అందరం అప్పా అనేవాళ్ళం, అక్కా అన్నట్టు. అడుగున బురద లాగుతుంటే, తడిసి బరువెక్కిన బేళ్ళ వరస ఒకటి ఒరిగి తలుపు మీదకి జారింది. లోపలికి తెరుచుకునే తలుపు అది. మూసుకుపోయింది.

అరిచాను. మిగతావాళ్ళు భోజనాలకి వెళ్ళిపోయారు. పైన జానెడు కిటికీ, దానికి ఇనుప చువ్వలు. నార కుళ్ళు కంపుకి ఊపిరాడడం లేదు. బేలుని భుజంతో నెట్టాను. కదల్లేదు.

అప్ప నడుముకున్న కొడవలి తీసింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. సరుకు మీద చెయ్యి వేయొద్దని యజమాని మరీ మరీ చెప్పాడు.

“నార మళ్ళా పండుతాది బాబూ. మనం ఈడే ఉండిపోతే ఏటి సేస్తావు?” అంది.

తాడు తెగగానే నార ఉబ్బి మీదకి వచ్చింది. పిడికిళ్ళతో లాగి వెనక్కి విసిరాం. తలుపు దగ్గర తగ్గేకొద్దీ వెనక పెరిగి, మేం నిలబడే చోటే ఇరుకైపోయింది. నాకు ఏడుపొచ్చింది. అప్ప అది చూడనట్టే భావనపాడులో ఉన్న కూతురి కబుర్లు చెప్పింది. కాసేపటికి మాట ఆపేసింది. ఆమెకీ భయమేనని అప్పుడు తెలిసింది.

చివరికి తలుపు మూరెడు తెరుచుకుంది.

“నువ్వు ముందు దూరు. బయట్నుంచి నన్ను లాగుదువు గాని.”

ఒక్కమాటైనా వద్దనకుండా దూరాను. తర్వాత రెండు చేతులూ పట్టుకుని ఆమెను లాగాను.

సాయంత్రం యజమాని వచ్చి, తాళ్ళు ఎవరు కోశారని అడిగాడు. నేనే అన్నాను. నమ్మలేదు. కొడవలి ఆమె నడుముకే ఉంది. రేపట్నుంచి రావద్దని ఆమెకు చెప్పేశాడు. అప్ప చీర కొంగు పిండుకుని వెళ్ళిపోయింది.

నా జీతం మీదే ఇల్లు గడిచేది. మర్నాడు పొద్దున్నే పార పట్టుకుని ఆ గదిలోకే వెళ్ళాను.