ఓనరమ్మ ‘డోఖ్’

నేను గోరంతను కొండంత చేసి చెబుతాను, ముందే ఒప్పుకుంటున్నాను. కరోనా రోజుల్లో హాంబర్గ్‌లో మా ఇంటి ఓనరమ్మ పార్లమెంటు టికెట్ కోసం తన సంప్రదాయవాద పార్టీ పెద్దల మీదే పోటీకి దిగింది. వాళ్లు తమ మనిషిని ముందే ఖాయం చేసుకున్నారు. సభ్యుల ఓటింగు పేరుకే.

“మీరు గెలవరమ్మా,” అన్నాను.

“డోఖ్!” అంది. ‘లేదు’ అంటే ‘ఎందుకు లేదు!’ అని తిప్పికొట్టే జర్మన్ మాట అది.

కరోనా వల్ల మైదానంలో పెట్టిన పార్టీ సమావేశానికి ఆవిడ మడతకుర్చీ నేనే మోశాను. “ఇంకెవరూ పోటీలో లేరుగా?” అన్నాడు సభాధ్యక్షుడు.

“డోఖ్!”

మాస్కులోంచి వచ్చిన ఆ కేకకు రేవులో ఓడలు లంగర్లు తెంచుకున్నాయి. “ఆదివారం ప్రార్థనకీ విశ్రాంతికీ అని కొట్లు మూసి ఉంచుతామన్న మన పార్టీ మాట మింగేశారేం?” అని పెద్దల్ని నిలదీసింది. గెలిచింది.

ఓడల సంగతి నిజమే. గెలిచిందన్నదే కల్పన. ఓడిపోయింది. మర్నాడు గెలిచినాయన పోస్టర్లు తనే స్తంభాలకు కట్టింది. “పార్టీ నాదే కదయ్యా!” అంది. నిచ్చెన నేను పట్టుకున్నాను.