ఠాణా నుంచి తెచ్చిన చీటీ

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది. మిర్యాలగూడ బియ్యం మిల్లులో హమాలీ పని అడిగితే, నా మీద కేసుల్లేవని మా ఊరు కిందికొచ్చే సూర్యాపేట ఠాణా నుంచి చీటీ తెమ్మన్నాడు యజమాని.

ఠాణాలో జమేదారు నా అంగీ విప్పించి, వీపు మీద మా ఊరి దొర కొట్టించిన పాత కొరడా వాతలు చూశాడు.

"గిన్ని దెబ్బలు తిన్నోడు దొరల మీద తిరగబడ్డ సంఘంల కలవకుంట ఉంటడా?" అన్నాడు.

"కలవలే సారూ" అన్నాను.

ఇద్దరు జవాన్లు నన్ను నేలకు అదిమిపట్టి, నోట్లో రక్తం నిండేదాకా లాఠీలతో కొట్టారు. కుడిచేయి విరిగింది. ఆ తర్వాతే రిజిస్టరు తిరగేశారు. అందులో నా పేరు లేదు. చీటీ రాసిచ్చారు.

యజమాని దాన్ని చదివి, వేలాడుతున్న నా చేతిని చూశాడు.

"చీటీ మంచిగనే ఉన్నది. బస్తా ఎట్ల లేపుతవ్?" అన్నాడు.

చేయి అతుక్కున్నాక కోదాడలో కంకర కొట్టే పనిలో చేరాను. సుత్తి దించిన ప్రతిసారీ రాతిలో జమేదారు ముఖమే కనిపించేది.