గుండ్రటివన్నీ ఒక బోర్డుకి

ఆ రోజుల్లోనే ఈ సంగతి రాసి ఉంటే ఇంకా నవ్వొచ్చేలా రాసేదాన్నేమో. రాయకపోవటానికి బద్ధకం కారణం కాదు, అప్పట్లో నాకు అక్షరాలు రావు. మా ఇంట్లో బడికి పంపే వరస తమ్ముళ్ళ దగ్గర మొదలై తమ్ముళ్ళ దగ్గరే ఆగింది. నా వంతు వచ్చేసరికి మిరప కోతలు వచ్చేవి, కోతలు అయ్యేసరికి బడికి సెలవులు వచ్చేవి. తెలుగు అక్షరాలు దిద్దింది నలభై రెండో ఏట, మా మందిరంలో సాయంత్రం పూట ఒక టీచరమ్మ చెబితే. ఇప్పుడు నా కూతురు, "ఇంత కష్టపడి రాయటం ఎందుకమ్మా, ఫోను ముందు మాట్లాడు, అదే రాసిపెడుతుంది" అంటుంది. నిజమే, రాసిపెడుతుంది, కామాలతో సహా. కానీ నలభై రెండేళ్ళ పాటు మాట్లాడుతూనే ఉన్నాను కదా, ఇకనైనా రాయనివ్వవే అన్నాను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మాది కారంపూడి దగ్గర ఊరైనా, నరసరావుపేటలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి, ఒక ఎండుమిర్చి కొట్లో కాయలు గ్రేడు చేసే పనికి పోయేదాన్ని. గ్రేడు చేయటమంటే పెద్ద విద్యేమీ కాదు. ఎర్రగా నిగనిగలాడేవి ఒక కుప్ప, రంగు తగ్గినవి ఒక కుప్ప, తెల్లబడిన తాలుకాయలు ఒక కుప్ప. విద్య కాకపోయినా మంట మాత్రం ఉంటుంది. సాయంత్రానికి వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టుండేవి. ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటే కూరలో కారం వేసుకునే పని ఉండేది కాదు. ఆ కొట్టు ఓనరు శెట్టిగారు ఉన్నట్టుండి మేడ మీద కంప్యూటర్ సెంటరు పెట్టారు. కింద మిర్చి, పైన కంప్యూటర్లు. ఊడ్చి తుడవటానికి ఆయా కావాలి, కనీసం ఐదో తరగతి చదివి ఉండాలి అన్నారు. "ఏమే పిల్లా, ఎంతవరకు చదివావ్?" అని ఆయన అడగ్గానే మా పెద్దమ్మ వెనక నుంచి నా నడుం గిల్లింది. "ఐదండీ" అన్నాను. ఆ అబద్ధం వల్ల నా వేళ్ళ మంట చల్లారింది, దేవుడు క్షమించాలి.

పై గది లోకమే వేరు. చెప్పులు బయట విడవాలి. లోపల ఏసీ. ఆరు కంప్యూటర్లు, ఒక్కోదానికీ శెట్టిగారి భార్య కుచ్చులు పెట్టి కుట్టిన పూల గుడ్డ ముసుగు. ప్రతి శుక్రవారం వాటికి బొట్లు, అగరొత్తులు. మా పెద్దమ్మ ఒకసారి చూడ్డానికి వచ్చి, "ఇదేందే, టీవీలకి లంగాలు కట్టి చలవ గదిలో కూర్చోబెట్టారు!" అంది. ఆ గదికి రాజెవరంటే టై మాస్టారు. మే నెలలో కూడా టై విప్పేవాడు కాదు (ఏసీ ఉన్నది కంప్యూటర్ల కోసం కాదు, ఆయన టై కోసం అని పిల్లలు అనుకునేవారు). ఆయన రెండు వేళ్ళతో, కోడి గింజలు ఏరినట్టు, వెతికి వెతికి కొట్టేవాడు. చదువుకునే వాళ్ళల్లో ఒకమ్మాయి ఉండేది, టైపు ఇన్‌స్టిట్యూట్‌లో హయ్యర్ పాసై వచ్చింది. అందరూ హయ్యరక్క అనేవారు. అక్కడి మాస్టారు చేతుల మీద తువ్వాలు కప్పి నేర్పాడట. అందుకని ఆమె కీబోర్డు వంక చూడకుండానే, కిటికీలోంచి రోడ్డు మీద బస్సులు చూస్తూ టకటకా కొట్టేది. అది టై మాస్టారికి నచ్చేది కాదు. "చూసి కొట్టమ్మా, చూసి కొట్టు, మిషను పాడవుద్ది" అనేవాడు.

చిక్కల్లా కింది కొట్టు నుంచి వచ్చే కారంతో వచ్చింది. బస్తాలు కుదేసినప్పుడల్లా ఘాటు మెట్లెక్కి పైకొచ్చేది. కంప్యూటర్ క్లాసులో పాఠం కంటే తుమ్ములు ఎక్కువ. కీబోర్డు గుండీల సందుల్లో ఎర్రటి దుమ్ము, మిరప గింజలు. ఒక శనివారం మధ్యాహ్నం శెట్టిగారు వచ్చి నన్ను పిలిచారు. "సోమవారం హైదరాబాదు నుంచి పెద్దసారు వస్తున్నాడు. సెంటరు చూసి నచ్చితేనే మనల్ని సర్టిఫికెట్లు ఇస్తామని బయట బోర్డు వేసుకోనిస్తాడు. ఆ గుండీల్లో ఒక్క మిరప గింజ కనపడిందంటే నువ్వు కిందికి దిగి మళ్ళీ తాలుకాయలు ఏరుకోవటమే, చెప్తన్నా."

కిందికి దిగటమన్న మాట వినగానే నా వేళ్ళు వాటంతట అవే మండాయి. అందరూ వెళ్ళాక పనికి కూర్చున్నాను. ఇరుక్కున్న గుండీని రిపేరు చేసే అతను స్పూను కాడతో పైకి లేపటం ఒకసారి చూశాను. నేనూ అలాగే లేపాను. టక్కుమని వచ్చింది. ఇంకోటి లేపాను. ఆ శబ్దం ఎంత ముచ్చటగా ఉందంటే ఆరు బోర్డుల గుండీలూ ఊడదీసేదాకా ఆగలేకపోయాను. అడుగు పలకల్ని తడి తగలకుండా కుంచెతో దులిపి (ఆ మాత్రం తెలివి ఉంది), గుండీలన్నిటినీ బేసిన్‌లో పోసి కుంకుడు రసంతో రుద్ది, డాబా మీద పాత చీర పరిచి వడియాల్లా ఎండబెట్టాను. సాయంత్రానికి తళతళలాడుతున్నాయి. చూసి మురిసిపోయాక అప్పుడు గుర్తొచ్చింది, మళ్ళీ పెట్టాలి కదా అని.

పొడుగువి, లావువి ఎక్కడివో ఆకారాన్ని బట్టి తెలిసిపోయింది. అంకెలు బస్సు నంబర్ల పుణ్యాన గుర్తుపడతాను, వాటిని వరసగానే పెట్టాను. మిగిలినవన్నీ ఒకే సైజు, మీద ఏవో గీతలు. ఒక్కో గీత బొమ్మకి ఆరు చొప్పున ఉన్నాయి. కలగాపులగంగా పెట్టటానికి మనసొప్పలేదు. నేను ఆషామాషీ మనిషినా, పేటలో మూడేళ్ళు కాయలు గ్రేడు చేసినదాన్ని. అందుకని గుండ్రటివన్నీ ఒక బోర్డుకి, నిటారుగా నిలబడినవి ఒక బోర్డుకి, కాళ్ళు ఎడంగా చాపినవి ఇంకో బోర్డుకి, పొట్ట ఉన్నవి మరో బోర్డుకి... ఇలా సర్దాను. ఎటూ చేరని రకాన్ని చివరి రెండింటికీ పంచాను. కొన్ని మొండికేస్తే అరచేత్తో ఒకటి వేశాను. సర్దిన లాటంతా చూస్తే ఎంత బాగుందో! అంతకుముందు ఆ అక్షరాలు పెట్టినవాడెవడో గానీ, ఒక పద్ధతీ పాడూ లేకుండా పెట్టాడనిపించింది. (ఇప్పటికీ నా అభిప్రాయం పెద్దగా మారలేదు. మా ఫోనులో అప్‌డేటు అని ఒకటి వస్తుంది. పొద్దున లేచేసరికి వంటింట్లో డబ్బాలు ఎవరో మార్చేసినట్టు, ఉన్న బొమ్మలన్నీ వేరే చోటికి పోతాయి. పెద్ద చదువులు చదివినవాళ్ళు చేస్తే అది అప్‌డేటు, నేను చేస్తే తప్పు.) బోర్డుల మీద పూల గుడ్డలు కప్పి ఇంటికి పోయాను. ఆదివారం మందిరంలో ఎంత హాయిగా పాడానో చెప్పలేను.

సోమవారం పెద్దసారు వచ్చాడు. శెట్టిగారు అగరొత్తులు వెలిగించి, ఆయన కళ్ళ ముందే ఒక్కొక్క ముసుగూ తీశారు. గుండీలు మిలమిలా మెరిశాయి. "చానా శుభ్రంగా ఉంచారండీ" అన్నాడు పెద్దసారు. తలుపు పక్కన నిలబడి నేను నేల చూపులు చూస్తూ సిగ్గుపడ్డాను. "ఏదీ మాస్టారూ, మీ ఊరి పేరు ఇంగ్లీషులో కొట్టి చూపించండి" అన్నాడాయన. టై మాస్టారు మొదటి కంప్యూటర్ ముందు కూర్చుని, వేలు పైకెత్తి, అలాగే ఉండిపోయాడు. ఆయనకి కావలసిన అక్షరం లేదు. అన్నీ గుండ్రటివే. తప్పిపోయిన గేదెను వెతికినట్టు వేలు బోర్డంతా తిరిగింది. నవ్వు మొహంతో పక్క కంప్యూటర్‌కి జరిగాడు. అక్కడ ఆ అక్షరం ఒకటి కాదు, ఆరు ఉన్నాయి. నొక్కాడు. తెర మీద ఇంకేదో పడింది. మూడోదానికి జరిగాడు. ఆయన టై తడిసి పొట్టకి అంటుకుంది. నాకు అప్పటికీ ఏమీ అర్థం కాలేదు గానీ, శెట్టిగారు వంగి బోర్డు చూసి, తర్వాత తలెత్తి నన్ను చూసిన చూపుకి తలుపు వెనక్కి జరిగాను.

"పోనీ, ఎవరన్నా స్టూడెంటు కూర్చోండి" అన్నాడు పెద్దసారు. హయ్యరక్క వచ్చి గుండ్రటి బోర్డు ముందు కూర్చుంది. ఆయన ఒక ఉత్తరం చెబుతూ పోయాడు, ఆమె ఆయన మొహం వంకే చూస్తూ కొడుతూ పోయింది. ఉత్తరం అంతా తెర మీదికి వచ్చింది, తప్పొకటి లేదు. పెద్దసారు మెచ్చుకోబోయి కీబోర్డు చూశాడు. తెర చూశాడు. మళ్ళీ కీబోర్డు చూశాడు. "ఇదేమిటండీ శెట్టిగారూ, ఈ గుండీలు?"

వ్యాపారం అంటే ఏమిటో నేను ఆ క్షణంలో చూశాను. శెట్టిగారు రెప్ప కూడా కొట్టలేదు. "మా పద్ధతండీ. చూసి కొట్టేదానికి సెంటరెందుకండీ, ఇంటికాడే కొట్టుకోవచ్చు. చూడకుండా కొట్టాలని మేమే మార్పించినాం."

"మరి మీ మాస్టారు?"

"ఆయన నేర్పేవాడండీ, కొట్టేవాడు కాదు."

పెద్దసారు పగలబడి నవ్వాడు. బయట బోర్డు వేసుకోమన్నాడు. మెట్లు దిగుతూ మాత్రం, "నెల తర్వాత మళ్ళీ వస్తాను, అప్పుడు మాస్టారి చేత కొట్టించి చూస్తాను" అన్నాడు. టై మాస్టారు మంచినీళ్ళ కోసం వెళ్ళి ఆ పూట తిరిగి రాలేదు.

కారు వెళ్ళగానే శెట్టిగారు పైకొచ్చారు. "ఏందే ఇది?"

"గ్రేడు చేశానండీ."

"గ్రేడా! అక్షరాల్లో తాలుకాయలు ఉంటయ్యంటే! ఐదు చదివానంటివి గదే? రేపు పదింటికి క్లాసు. అప్పటికల్లా యాడ గుండీ ఆడ ఉండాల. లేదా, కింద కుప్ప నీకోసం చూస్తంది" అని వెళ్ళిపోయారు.

అన్నీ ఊడదీసి ముందేసుకుని కూర్చున్నాను. ఏది ఎక్కడిదో చెప్పటానికి ఒక్క మంచి బోర్డయినా మిగల్చలేదు నేను. పక్కన ఎవరో చతికిలబడితే చూశాను, హయ్యరక్క. "నీకు చదవటం రాదు గదూ?" అంది మెల్లగా. ఏడ్చేశాను. "ఏడుపెందుకే! నాకు మిరపకాయలు గ్రేడు చేయటం రాదు. నేనేడుస్తన్నానా?" అంది. తర్వాత వింత జరిగింది. అక్షరాలు వచ్చిన ఆమెకి కూడా ఏది ఎక్కడుంటుందో తెలియదు! "నాకు తెలవదే, నా వేళ్ళకి తెలుసు" అని కళ్ళు మూసుకుని, ఖాళీ పలక మీద ఎడమ చిటికెన వేలు ఆనించి, "ఇది క్యూ, గుండ్రంగా ఉండి కింద తోక ఉంటది" అనేది. నేను ఆ బొమ్మ వెతికి ఇచ్చేదాన్ని. ఇది డబల్యూ. ఇది ఈ. అలా ఒక బోర్డు పూర్తిచేసి, వరసలు నా చేత నాలుగుసార్లు అప్పజెప్పించుకుని ఆమె బస్సుకి పోయింది. దాన్ని చూసి నేను ఇంకో నాలుగు పెట్టేసరికి కొట్టు మూసే వేళయింది. ఇంటికి నడుస్తూ గొణుక్కుంటుంటే మా పెద్దమ్మ గుమ్మంలోనే అడ్డుకుంది. "ఏందే ఆ గొణుగుడు? కొత్త ప్రార్థనా?"

"అవును పెద్దమ్మా."

మర్నాడు పొద్దున ఏడు కొట్టకముందే సెంటరు తాళం తీశాను. పక్క బోర్డు చూసి పెట్టేస్తే ఐదు నిమిషాల పని. ఏం పుట్టిందో నాకు, మిగతా ఐదింటికీ పూల గుడ్డలు కప్పేసి, ఆరోది చూడకుండా పెట్టటం మొదలుపెట్టాను. ఒక్కో గుండీని పేరు పెట్టి పిలుస్తూ దాని ఇంట్లో కూర్చోబెట్టాను. చివరిది ఎం. గుడ్డ తీసి సరిపోల్చి చూశాను. ఒక్కటి కూడా తప్పు లేదు. అప్పుడే వెనక అడుగుల చప్పుడు. టై మాస్టారు. టై లేదు. నన్ను చూసి ఆయన, ఆయన్ని చూసి నేను, ఇద్దరం దొంగల్లా నిలబడ్డాం.

"ఏం లేదు, ఊరికే... చూడకుండా కొట్టటం ప్రాక్టీసు చేద్దామనీ" అన్నాడు. కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒకటి నొక్కాడు. "ఇదేంటో చెప్పు."

"ఈ, మాస్టారూ."

"ఆర్ అనుకున్నా."

"ఆర్ దాని పక్కదండీ, కుడి చేతి పక్క."

ఆయన కళ్ళు తెరిచి నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, పేటలో ఇంతకాలం ఎవరికీ చెప్పుకోలేనిది నాకు చెప్పుకున్నట్టుంది. "కూర్చోవే తల్లీ, నువ్వలా నిలబడి చెబుతుంటే నాకు భయమేస్తంది" అన్నాడు.

ఊడ్వటం కాసేపు ఆగితే ఆగిందనుకుని, చీపురు తలుపు వెనక పెట్టాను. చేతులు పమిటకి తుడుచుకుని, రోజూ తుడవటమే గానీ ఎన్నడూ కూర్చోని కుర్చీ ఒకటి లాక్కుని, మాస్టారి పక్కన కూర్చున్నాను.