గొర్రెపిల్ల మీద వేసిన నింద

నా లగ్గం నాడు మా బాపు నాకొక చూలు గొర్రెను అరణం ఇచ్చాడు. ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు పుట్టింటివాళ్లు వెంట పంపే జీవాన్ని మా దేవరకొండ వైపు అరణమంటారు. ఆ గొర్రె చెవికి మా ఇంటి గుర్తుగా కోత ఉండేది. అత్తగారి మందలో కలిసిపోయినా, సాయంత్రం నా గొంతు వినబడగానే గుంపును తోసుకుంటూ వచ్చి నా కొంగు నమిలేది. ఆ ఇంట్లో నాతో ముందుగా చనువు చేసుకున్నది అదే. మా అత్త మనసు మంచిది, నోరు మాత్రం మూతపడేది కాదు. మా ఆయనేమో మాటలు కొనుక్కొచ్చుకున్నట్టు పొదుపుగా వాడేవాడు.

గొర్రె ఈనిన రోజుల్లోనే మందలో మూతి పొక్కులు లేచాయి. దాని పొదుగుకూ పుండ్లై పిల్లను దగ్గరికి రానిచ్చేది కాదు. నేను పిల్లను ఒడిలో పడుకోబెట్టుకుని, గుడ్డపీలిక మేకపాలలో ముంచి చప్పరింపజేసేదాన్ని. మామ మాత్రం పొక్కుల మీద జీడిరసం పూసేవాడు. చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి అది. తగిలినచోట తోలు కమిలి ఊడివస్తుంది. అది పూసినప్పుడు గొర్రెలు తల విదిలించుకునే తీరు చూడలేక నేను దొడ్డి బయటికి వెళ్లిపోయేదాన్ని.

నాకు నెల తప్పిన తరువాత, ఒకరోజు స్నానం చేస్తుంటే మర్మస్థానం దగ్గర ఏవో గరుకుగా చేతికి తగిలాయి. చిన్న పులిపిర్లు. నొప్పి లేదు, మంట లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో ఎన్నో వస్తాయి, అవే పోతాయిలే అనుకున్నాను. అవి పోలేదు సరికదా, కడుపు పెరిగేకొద్దీ అవీ పెరిగి కోడిపుంజు జుట్టులా గుత్తులు కట్టాయి. దురద మొదలైంది. ఎవరికి చెప్పుకోను? చేతి మీద పులిపిరి వస్తే పదిమందికీ చూపిస్తాం. ఇది చూపించే చోటా?

ఒకనాడు చీర రాసుకుని నెత్తురు కనబడింది. బట్టల మీద మరక చూసి కడుపు పోతుందేమోనని అత్త హడలిపోయింది. ఇక దాచే వీలు లేక చెప్పాను. అత్త తలుపు దగ్గరికి వేసి, వెలుతురులో చూసింది. తరువాత తీర్పు చెప్పింది. "పొక్కుల గొర్రెపిల్లను ఒడిల పెట్టుకున్నవు. గది ఒడికే అంటింది."

మా ఇంట్లో ఆ మాట ఎవరికీ తప్పనిపించలేదు. నాక్కూడా అనిపించలేదు, అంత సరిగ్గా అతికింది మరి. మందతో బతికేవాళ్లం, మనిషికొచ్చే ప్రతి రోగానికీ ముందు మంద వైపే చూస్తాం. గొర్రెల పొక్కులు చేతికి అంటడం మేమంతా చూసిందే. చేతికి అంటింది ఒడికి ఎందుకు అంటదు? మరుసటి సంతకు నా గొర్రెనూ దాని పిల్లనూ నకిరేకల్ వైపు పోయే బేరగాడికి ఇచ్చేశారు. వాకిట్లోంచి తాడు పట్టుకుని లాగుతుంటే అది వెనక్కి తిరిగి నా కోసం అరిచింది. మా ఆయన గోడకానుకుని నిలబడి చూస్తున్నాడు.

గొర్రె పోయింది గానీ మాట పోలేదు. "పుట్టింటి నుంచి రోగం పట్టుకొచ్చింది" అని అత్త వాడకట్టులో చెప్పుకోవడం నా చెవినపడింది. ఆ పూటే చిప్పలోంచి జీడిగింజలు తీసి రాతి మీద పెట్టి, "జర ఓర్చుకో, రెండు దినాలల్ల రాలిపోతయి" అంది. ఆమె నా మేలు కోరే అంటోంది, అది నాకు తెలుసు. కానీ దొడ్డిలో తలలు విదిలించుకునే గొర్రెలు కళ్లముందు మెదిలాయి. కడుపులో బిడ్డ కదులుతోంది. పూయించుకోనన్నాను. కోడలు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో అదే మొదలు. ఆ కోపంలోనే పుట్టింటికి పోయి, అమ్మను వెంటబెట్టుకుని నల్లగొండ బస్సెక్కాను.

దవాఖానలో ఉన్న డాక్టరమ్మ నడివయసు మనిషి. మాటలో హైదరాబాదు ఉరుదూ కలిసేది. పరీక్ష చేసి, ఇంకేదైనా సుఖరోగం కూడా ఉందేమో చూడాలని నెత్తురు తీయించింది. నేను గొర్రెపిల్ల కథ చెబితే నవ్వలేదు. అందుకు ఆమెను ఇప్పటికీ తలుచుకుంటాను. గొర్రెల పొక్కులు వేరు, ఇవి వేరు అంది. ఇవి ఒడిలో పెట్టుకున్న పిల్లతోనో, కూర్చున్న జాగాతోనో, తుడుచుకున్న తువ్వాలతోనో వచ్చేవి కావట.

"ఇవి మనిషి నుంచే మనిషికొస్తయమ్మా. మొగుడు పెండ్లాం కలిసినప్పుడు తోలుకు తోలు తాకి అంటుకుంటయి. నీ మొగన్ని తోల్కరా. ఆయన సూపించుకోకుంటే నీకు మందు పెట్టి ఏం ఫాయిదా?"

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అల్లుడి మీద అనుమానం ఆమె ముఖంలో స్పష్టంగా కనిపించింది. అది గమనించి డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఒంట్లో చేరిన తరువాత ఇది నెలలు, ఒక్కోసారి ఏండ్లు బయటపడకుండా ఉంటుందట. పైకి ఏమీ కనబడని మనిషి నుంచి కూడా అంటుతుందట. కాబట్టి ఎప్పుడు, ఎవరి నుంచి అని తాను చెప్పలేనంది. జీడి గానీ సున్నం గానీ పూయొద్దు, వెంట్రుకతో కట్టొద్దు, కోయొద్దు అంది. మందు రాస్తే రాలుతాయి గానీ ఆ మందు కడుపులో బిడ్డకు మంచిది కాదు, కాన్పయ్యాక రమ్మంది. ఈలోపు నెత్తురు ఎక్కువగా పోయినా, గుత్తులు బాగా పెరిగినా ఆగకుండా రావాలని, మానేదాకా ఇద్దరూ దూరంగా ఉండాలని చెప్పింది. ఇలాంటివి కనబడిన మొదటి రోజే ఎందుకు రాలేదని కూడా అడిగింది. సిగ్గయిందన్నాను. సిగ్గుతో రోగం తగ్గుతుందా అని మాత్రం అనలేదు, నా భుజం మీద చెయ్యి వేసింది.

తిరిగి అత్తగారింటికి పోయి, దొడ్డి దగ్గర మా ఆయనతో ఉన్నదున్నట్టు చెప్పాను. నువ్వు దవాఖానకు రాకపోతే కాన్పు తరువాత నేను ఈ ఇంటికి రానన్నాను. ఆయన చేతికర్రతో నేల మీద గీతలు గీశాడు. తరువాత చెప్పాడు. లగ్గానికి ముందటి ఏడాది మంద తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయినప్పుడు ఒక ఆడమనిషితో కలిశాడట. తిరిగొచ్చాక ఒక పులిపిరి లేచిందట. జీడి పూస్తే రాలింది, మళ్లీ చిన్నగా మొలిచింది, నొప్పి లేదు కదా అని ఊరుకున్నాడట. నమ్మానా అంటే, సగం నమ్మాను. మిగతా సగం కోపమే. పులిపిరి సంగతి తెలిసీ, నా గొర్రెను లాక్కుపోతుంటే గోడకానుకుని చూసిన మనిషి మీద నాకు వచ్చిన కోపం, ఇది రాస్తున్న ఈ పూటకీ చల్లారలేదు.

అయినా వచ్చాడు. మగ డాక్టరు ముందు బట్ట విప్పడానికి చచ్చినంత సిగ్గుపడ్డాడు గానీ చూపించుకున్నాడు. మా ఇద్దరి నెత్తురులోనూ వేరే రోగం లేదని తేలింది. నాకు కాన్పయ్యాక మందు రాశారు, కొన్ని రాలాయి, కొన్ని తిరిగి వచ్చాయి, మళ్లీ రాశారు. మెల్లగా మానింది. బిడ్డ చక్కగా పుట్టింది.

అయితే అసలు సంగతి జరిగింది ఆయన చూపించుకుని వచ్చిన రోజు. మేము వాకిట్లో అడుగుపెట్టేసరికి అత్త ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కూర్చుని ఉంది. ఏమన్నరు డాక్టర్లు, గొర్రె పొక్కులేనా అని అడిగింది. నేను తల వంచుకున్నాను. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని, అందరూ వింటుండగా చెప్పాడు.

"గొర్రెది గాదమ్మా. నా నుంచే వచ్చింది. గామెను ఏమనకుండ్రి."

పొరుగువాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. జీడిగింజల చిప్ప ఆ తరువాత నా కంటికి కనబడలేదు.

ఆయనతో ఇన్నేళ్లు కాపురం చేశానంటే ఆ ఒక్క మాట మీదే చేశాను. ఆ మాట సంత కంటే ముందే అని ఉంటే, నా గొర్రె నా దగ్గరే ఉండేది.