నమ్మకపోతే రేపల్లె అక్కనడగండి

మా గొలుసులో ఉన్నవి మూడే వెబ్‌సైట్లు. తెనాలిలో నేను కోతలు కోసే కథల సైటు, బాపట్లలో ఒక రిటైర్డ్ లెక్చరరు గారి వ్యాసాల సైటు, రేపల్లెలో వేటకెళ్లే ఇంట పుట్టిన ఒకావిడ పడవల గురించీ చేపల గురించీ రాసుకునే సైటు. ఆవిడని నేను అక్కా అంటాను. ప్రతి పేజీ అడుగునా 'పక్కింటికి' అని ఒక లింకు. నా దగ్గర నొక్కితే బాపట్ల, అక్కడ నొక్కితే రేపల్లె, అక్కడ నొక్కితే మళ్లీ తెనాలి. అంటే అక్క దగ్గరికి పోవాలంటే లెక్చరరు గారి గుమ్మం దాటాల్సిందే.

ఆ గుమ్మం ఒకరోజు మూసుకుపోయింది. ఆయన సైటుకి కొత్త సోకులు చేయించి, పైన శాలువా కప్పించుకున్న ఫొటో పెట్టుకుని, అడుగున ఉన్న లింకు పీకేశారు. ఫోను చేశాను.

"చేపల కూర పక్కన నా వ్యాసం బాగుండదండి," అన్నారు.

"మరి అక్క దగ్గరికి జనం ఎలా వెళ్తారు సార్?"

"గొలుసు వద్దు. ఒకటే పేజీ పెడదాం, అందరి పేర్లూ అందులోనే. పైన అధ్యక్షుడు."

"అధ్యక్షుడెవరండి?"

"మీరంతా బలవంతం చేస్తే నేను కాదంటానా."

ముగ్గురున్న సంఘానికి అధ్యక్షుడట. ఆ శాలువా స్నానానికైనా తీస్తారో లేదో.

ఈలోపు అక్క ఫోను. "ఎవరూ రావట్లేదు తమ్ముడూ. గోడకి చెప్పుకున్నట్టుంది. నెలాఖరుకి మూసేస్తా."

కోతలు కోసేవాడికి తెలిసిన విద్య ఒకటే, కోత మరీ పెద్దదయ్యే చోట ఒక సాక్షిని పిలవడం. ఆ వారం కొత్త కథ రాశాను. సముద్రం నుంచి కాలవలో ఎదురీదుకుంటూ తెనాలి వచ్చిన పండుగప్ప చేప, రైలు గేటు పడితే ఆగి, బండి వెళ్లాక కదిలింది. 'నమ్మకపోతే రేపల్లెలో మా అక్కనడగండి, దాన్ని వలలోంచి వదిలింది ఆవిడే.' అక్క అన్న మాట నొక్కితే నేరుగా ఆవిడ సైటు. మధ్యలో గుమ్మం లేదు, అధ్యక్షుడూ లేడు.

జనం వెళ్లారు, అడిగారు. చీరాల నుంచి కూడా.

"ఏంటి తమ్ముడూ, నీ కోతకి నన్ను సాక్ష్యానికి లాగుతావా?"

"మూసేస్తానన్నావుగా అక్కా?"

"నీ అబద్ధం బయటపెట్టకుండా ఎలా మూస్తానూ?"

మర్నాడు ఆవిడ సైటులో: 'తెనాలి తమ్ముడు చెప్పింది పచ్చి అబద్ధం. వలలో పడ్డ పండుగప్పని మావాళ్లు వదలరు.' తమ్ముడు అన్న మాట నొక్కి చూశాను. నా సైటు తెరుచుకుంది.

తర్వాత లెక్చరరు గారే ఫోను చేశారు. "ఏదో ఒక కథలో నన్నూ సాక్షిగా పెట్టొచ్చు కదండి."

"వద్దులెండి సార్, శాలువాకి నీసు వాసన పట్టుకుంటుంది."