రామూర్తి టవరెక్కిన రోజు

రామూర్తి మా తోటలో కొబ్బరికాయలు దింపే మనిషి. దింపేవాడు అనాలి నిజానికి. ఎక్కి దింపేంత ఎత్తున్న చెట్టు మా ఊళ్లో ఒక్కటీ మిగల్లేదు. అయినా నాకు ఆ 'వాడు' చేర్చి గడిచిపోయిన సంగతిలా చెప్పడం ఇష్టం ఉండదు, అందుకే ఇప్పటికీ అలాగే చెబుతాను.

మాది జలంత్రకోట దగ్గర చిన్న ఊరు. సముద్రం నాలుగు కిలోమీటర్లే, కానీ నేల మీద నిలబడ్డవాడికి కొబ్బరి ఆకులు తప్ప మరేమీ కనిపించేవి కావు. సముద్రం ఒక్క రామూర్తికే కనిపించేది. కాళ్లకు తాడు బంధం వేసుకుని, నడుముకు కత్తి దోపుకుని అరవై అడుగుల చెట్టు ఎక్కేవాడు. గెల కోయడం అయిపోయినా దిగేవాడు కాదు. "పైన కాపురం పెట్టావేట్రా?" అని మా నాన్న కింద నుంచి కేకలేసేవాడు. దిగొచ్చాక తీరిగ్గా చెప్పేవాడు రామూర్తి, ఎన్ని పడవలు వెళ్లాయో, వాన ఎంత దూరంలో ఉందో. ఆయన మాట విని ఆడవాళ్లు ఎండబెట్టిన కొబ్బరి చిప్పలు లోపలికి తెచ్చుకునేవారు. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయిని మా ఊళ్లో ఎవరూ లెక్కచేసేవారు కాదు.

2018 అక్టోబరులో, దసరా రోజుల్లో, తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. ఆ గాలి సంగతి మా ఉద్దానం ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు, నేను మళ్లీ చెప్పను. గాలి ఆగాక తలుపు తీస్తే ఊరంతా ఒకటే వెలుగు. మా పెరట్లో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆ వెలుగు చూసి నాకు భయం వేసింది. తోటలో రామూర్తి పడిపోయిన మానుల మీద ఒకదాని మీంచి ఇంకోదాని మీదకు నడుస్తున్నాడు. ముప్పై ఏళ్లు ఎక్కిన చెట్టు ఒకటి దొరికింది కాబోలు, దాని మొవ్వు పక్కన కూలబడ్డాడు. ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. నేను దగ్గరికి వెళ్లలేకపోయాను.

తర్వాత కొత్త మొక్కలు వేశాం. గోతులు తీసిందీ, నీళ్లు పోసిందీ రామూర్తే. పొట్టి రకం చెట్లు, నాలుగేళ్లకే కాపు. కర్రకు కొడవలి కట్టి నిలబడి కోసెయ్యొచ్చు. ఆ కర్ర మాత్రం రామూర్తి ముట్టుకోలేదు. పక్కింటి శ్రీను కోస్తాడు.

అక్టోబరు వచ్చి గాలి దిక్కు మారిందంటే మాత్రం మనిషి ఒకచోట కుదురుగా ఉండడు. పైకెక్కి ఒక్కసారి సముద్రం చూసి రావాలని పట్టుబడతాడు. బడి డాబా ఎక్కాడు, మంచినీళ్ల ట్యాంకు ఎక్కాడు, ఎక్కడికెక్కినా సముద్రానికి అడ్డంగా ఏదో ఒకటి. అంత బెంగగా ఉంటే ఆటో ఎక్కి తీరానికే పోవచ్చు కదా అని ఆయన భార్య సన్యాసమ్మ విసుక్కుంది. వెళ్లాడు కూడా. గంటలో తిరిగొచ్చి, అక్కడ నిలబడితే కాళ్ల ముందున్న నీళ్లే గానీ సముద్రం ఎక్కడ కనిపిస్తుందని ఆవిడ మీదే ఎగిరాడు.

పోయిన అక్టోబరులో ఒక ఉదయం ఎనిమిది గంటలకు రామూర్తి సెల్ టవరెక్కాడు.

మా వైపు మనిషి టవరెక్కాడంటే డిమాండ్ ఉన్నట్టే లెక్క. పది నిమిషాల్లో ఊరంతా కింద చేరింది. కానిస్టేబులు మైకుతో వచ్చి నీ డిమాండ్ ఏమిటని అడిగాడు. పై నుంచి మాట లేదు. గట్టి పట్టు మీదున్నాడని అందరూ మెచ్చుకున్నారు. ఆయన చెప్పకపోతేనేం, కింద చెప్పేవాళ్లకు కొదవా? తుఫాను సాయం అందలేదని ఒకరు, మంచి నీళ్లు కావాలని ఒకరు, సోంపేట రోడ్డు గురించి ఒకరు. కానిస్టేబులు అన్నీ రాసుకున్నాడు. ఆ కర్ర శ్రీను చేతికి ఇచ్చినందుకు నా మీదే కోపం కాబోలని నేను లోపల్లోపల చస్తున్నాను.

గంట గడిచాక సన్యాసమ్మ వచ్చి మైకు లాక్కుంది.

"గెంజి సల్లారిపోతంది. దిగు," అంది.

దిగాడు. స్టేషనులో గట్టిగా మందలించి, నాచేత సంతకం పెట్టించుకుని వదిలేశారు. బండి మీద ఎక్కించుకుని ఊరికి బయల్దేరాను. దారిలో ఉండబట్టలేక, సముద్రం కనిపించిందా అని అడిగాను.

"అవుపించింది బాబూ. పడవలూ అవుపించాయి."

మరి చూసి దిగిపోక గంటసేపు అక్కడేం చేశావని కసిరాను. ఊరంతా హడలిపోయిందన్నాను.

"సూసీసి దిగిపోదామనే ఎక్కినాను. అంతలో గాలొచ్చింది," అన్నాడు. "సెట్టయితే గాలికి మనల్నట్టుకుని ఊగుతాది కదా. ఇదీ ఊగుతాదేమోనని కూకున్నాను. ఎంతసేపు కూకున్నా ఊగనేదు బాబూ."

నేను బండి ఆపలేదు. ఆపితే ఇద్దరం రోడ్డు మీద ఏడుస్తామని తెలుసు.