మందు కొట్టని నాలుగో మడి

ఆ వానాకాలం నన్ను కలుపుకన్నా మా అమ్మే ఎక్కువ విసిగించింది.

ఖిదిర్‌పూర్ దగ్గర ఓ మునిసిపల్ పార్కులో నేను తోటమాలిని. అమ్మ అక్కడే కలుపు తీసే ఆడవాళ్ళ జట్టులో కూలి. ఏటేటా గింజ రాలి మొలిచే ఊదగడ్డి, పాయలకూర లాంటివాటి మీద ఏ మందు బాగా పనిచేస్తుందో తేల్చమని ఆఫీసరుగారు నాకు అప్పగించారు. నాలుగు మళ్ళు కట్టాను. ఒకదానికి మొలకెత్తకముందే కొట్టే మందు, రెండోదానికి ఆకు మీద కొట్టేది, మూడోదానికి రెండూ. నాలుగోది ఊరికే వదిలేయాలి. అందులో కలుపు ఎంత పెరిగిందో చూస్తేనే మిగతా మూడింటి పస తెలిసేది. ఏదో ఒక మందు నెగ్గితే వచ్చే ఏడు జట్టును తీసేస్తామని కూడా ఆయన అన్నారు. ఆ ముక్క అమ్మకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. మందు కొట్టిన మళ్ళల్లో చెయ్యి పెట్టకు, విషం అని మాత్రం చెప్పాను.

చివరి వారం జ్వరంతో పడుకున్నాను. తిరిగొచ్చేసరికి ఆఫీసరుగారు మళ్ళ దగ్గర నిలబడి ఉన్నారు. మొదటి మడిలో పాయలకూర అక్కడక్కడా లేచింది. రెండోదాంట్లో పాత ఆకులు మాడాయి గానీ కొత్త మొలకలు వచ్చేశాయి. మూడోది కాస్త నయం. నాలుగోది అద్దంలా ఉంది.

"ఎటా కోన్ ఓషుద్?" ఇదేం మందని ఆయన బెంగాలీలో ముచ్చటపడిపోతూ అడిగారు.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అమ్మ గంప పట్టుకుని పక్కనే ఉంది.

"ఏటమ్మా ఇది?"

"నువ్వే కదరా సెప్పినావు, మందు కొట్టినవి ముట్టుకోవద్దని. కొట్టనిది పీకీసినాను. కూలి తీసుకుంతూ కలుపుని అలగొగ్గీమంటావేటి?"

నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది. దానికి మందే కొట్టలేదనీ, అమ్మ కలుపు పీకేసిందనీ ఆయనకి చెప్పక తప్పలేదు. పరీక్ష చెల్లదనీ, వచ్చే వానలకి మళ్ళీ పెట్టి నాలుగో మడికి కంచె కట్టమనీ చెప్పి వెళ్ళిపోయారు.

ఇంటికెళ్ళే దారంతా అమ్మని తిట్టాను. ఆ కోపంలో జట్టు సంగతి కూడా కక్కేశాను. అమ్మ నడుస్తున్నదల్లా ఆగిపోయింది.

"మందులకీ మాకూ పోటీ అని ముందే సెప్పొచ్చు కదరా. నెగ్గింది నానే కదా. ఆ ముక్క ఆ బాబుకి సెప్పినావా?"

చెప్పలేదు. పాడైపోయిన నా మళ్ళ గురించే ఏడుస్తున్నాను, ఆ మాటే నాకు తోచలేదు.